కాఫీ ఇంట్లో లేక కాదు

మా ఇంట్లో స్టీలు ఫిల్టర్ ఉంది. పెళ్ళికి అమ్మ పెట్టిన సామానులో వచ్చింది. రెండు సూట్‌కేసులతో అమెరికా వచ్చినప్పుడు అది ప్రెషర్ కుక్కర్ లోపల కూర్చుని ప్రయాణం చేసింది. చికోరీ కలిపిన పొడి ఇండియన్ స్టోరులో దొరుకుతుంది. రాత్రి పడుకునే ముందు పొడి వేసి మరిగే నీళ్ళు పోస్తే తెల్లారేసరికి డికాక్షన్ సిద్ధం. ఇంత ఉండగా వారానికి రెండుసార్లు కాఫీ షాపుకి వెళ్ళి కప్పుకి ఐదున్నర డాలర్లు పెట్టడం ఏమిటని నన్ను అడిగినవాళ్ళు ముగ్గురు. సమామిష్‌లో ఉండే నా స్నేహితురాలు, విశాఖపట్నంలో మా అమ్మ, మూడోది నేనే.

ఐదున్నర అన్నది బోర్డు మీద ధర. దానికి సియాటిల్ సేల్స్ టాక్స్ పదిశాతం పైన, ఆ తర్వాత తెర తిప్పి చూపించే టిప్పు. అన్నీ కలిపి ఏడు డాలర్ల దాకా అవుతుంది. మా అమ్మ బుర్రలో డాలరు రేటు నాకన్నా తాజాగా ఉంటుంది. “ఏటే, కాఫీకి ఆరొందలా? మన జంక్షన్లో ముప్పైకి ఇస్తున్నాడు” అంది. జంక్షన్లో కాఫీ బాగుంటుంది, కాదనను. కానీ ఆ కాఫీ కలిపేవాడికి గంటకి ఎంత ఇస్తున్నారో అమ్మా నేనూ ఎప్పుడూ లెక్క వేయలేదు. సియాటిల్‌లో 2025 కనీస వేతనం గంటకి 20.76 డాలర్లు. ఇంతకుముందు చిన్న దుకాణాలు టిప్పులు లెక్కలో చూపించి కొంత తక్కువ ఇవ్వగలిగేవి, ఆ ఏడాది నుంచి ఆ వీలు కూడా పోయింది. అద్దె, పాలు, గింజలు, కరెంటు వేసుకుంటే ఆ కప్పులో కొట్టువాళ్ళకి మిగిలేది పెద్దగా ఉండదు. ఈ లెక్క అమ్మకి చెప్పాను. “అయితే నువ్వు వాళ్ళని పోషిస్తన్నావా?” అని అడిగింది.

మేము ఉండేది గ్రీన్‌వుడ్‌లో. మన తెలుగువాళ్ళు ఎక్కువగా సరస్సుకి అటువైపు రెడ్మండ్, బోథెల్, సమామిష్‌లలో ఉంటారు. అక్కడ వీధికో తెలుగు ఇల్లు, వారానికో పుట్టినరోజు. ఇటువైపు మేము కొంచెం విడిగా పడ్డాం. మావారి ఆఫీసు డౌన్‌టౌన్‌లో, 5 నంబరు బస్సు ఎక్కితే నేరుగా దిగబెడుతుంది. ఆ బస్సు తిరిగే గ్రీన్‌వుడ్ అవెన్యూ మీదే లైబ్రరీ, లైబ్రరీకి నడిచి వెళ్ళేంత దూరంలో నేను చెబుతున్న కొట్టు. పేరు రాయడం లేదు. అందులో ఉన్నవి తొమ్మిది టేబుళ్ళు, అవి ఇప్పటికే నిండుతున్నాయి.

లోపల చెప్పుకోదగ్గ అలంకారం ఏమీ లేదు. ఒకదానికొకటి జతకాని కుర్చీలు, కిటికీ కింద రెండు సోఫాలు, ఒక సోఫా స్ప్రింగు పోయి ఒకవైపుకి ఒరుగుతుంది. గోడమీద ఈ పేటలోనే ఉండే చిత్రకారుల బొమ్మలు, పక్కన ధర చీటీలు. ఒక మూల పిల్లల పుస్తకాల బుట్ట. తలుపు తియ్యగానే గ్రైండర్ చప్పుడు, తడిసిన కోట్ల వాసన. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా ఆకాశం తడిగుడ్డ కప్పినట్టు ఉంటుంది. మొదటి చలికాలం నేను ఇంట్లో మధ్యాహ్నం కూడా లైట్లు వేసుకుని, గుమ్మం దాటకుండా గడిపాను. ఆ రోజుల్లో ఇలాంటి చోటు ఉందని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇది రాస్తున్నాను.

సియాటిల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది 1971లో ఇక్కడ మొదలై ప్రపంచమంతా పాకిన ఆకుపచ్చ బోర్డు కంపెనీ. చుట్టాలు వస్తే పైక్ ప్లేస్ మార్కెట్లో దాని ముందు నిలబెట్టి ఫోటో తీయడం మన ఆనవాయితీ. అంతకు ముందే, 1967లో, యూనివర్సిటీ పక్కన లాస్ట్ ఎగ్జిట్ ఆన్ బ్రూక్లిన్ అని ఒక కాఫీ హౌస్ తెరిచారు. చదరంగం ఆడేవాళ్ళు, విద్యార్థులు గంటలు గంటలు కూర్చునేవారట. అది ఇప్పుడు లేదు. 1988లో ఎస్ప్రెస్సో వివాచే మొదలుపెట్టిన డేవిడ్ షోమర్ కథ నాకు మరీ ఇష్టం. ఆయన అంతకుముందు బోయింగ్‌లో కొలత పరికరాల పని చేసినవాడు. కాఫీ యంత్రంలో నీటి వేడి డిగ్రీ కూడా అటూ ఇటూ కదలకూడదని పట్టుబట్టి, ల్యాబుల్లో వాడే రకం ఉష్ణోగ్రత నియంత్రణని యంత్రానికి పెట్టించే దాకా ఊరుకోలేదు. పాలనురుగుతో ఆకు బొమ్మ వేయడం అమెరికాలో ప్రచారం చేసినవాళ్ళలో ముందు ఆయన పేరే చెబుతారు. కొలతలు తెలిసిన మనిషి వంటగదిలోకి వస్తే ఏమవుతుందో చూడండి. మన ఇళ్ళలో ఇలాంటివాళ్ళు బోలెడుమంది ఉన్నారు, కాకపోతే వాళ్ళమీద ఎవరూ వ్యాసాలు రాయలేదు.

అమ్మ రెండో ప్రశ్న డబ్బు గురించి కాదు. “ఒక్కదానివే కూర్చుంటావా?” అని అడిగింది. ఆ ప్రశ్న వెనకాల ఉన్నది మీకు తెలుసు. మన ఊళ్ళలో టీ కొట్టు మగవాళ్ళది. ఆడది ఒక్కతీ బెంచీ మీద కూర్చుని, గ్లాసు పట్టుకుని, పేపరు చదువుకోవడం నేను పెరిగిన వీధిలో ఒక్కసారి కూడా చూడలేదు. హోటల్‌కి వెళ్తే లోపల ‘ఫ్యామిలీ రూమ్’, దానికో తెర. హైదరాబాద్ ఇరానీ హోటళ్ళలోనూ అంతే. ఇప్పుడు పెద్ద ఊళ్ళలో మారింది, ఆడపిల్లలు స్నేహితులతో వెళ్తున్నారు. కానీ స్నేహితులు లేకుండా, పని లేకుండా, ఊరికే వెళ్ళి కూర్చోవడం అమ్మ తరానికి ఇప్పటికీ ఊహకి అందదు.

అలాగని వాళ్ళకి చోటు లేదని కాదు. మా అమ్మమ్మ వాళ్ళింటి ముందు రెండువైపులా అరుగులు ఉండేవి. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధిలో ఆడవాళ్ళు అక్కడ చేరేవారు. ఒకరు బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఒకరు పూలు కడుతూ, ఒకరు ఏమీ చేయకుండా. వస్తున్నామని ఎవరికీ చెప్పేవారు కాదు, పిలిచేవారూ కాదు. రే ఓల్డెన్‌బర్గ్ అనే అమెరికన్ సోషియాలజిస్టు 1989లో ఒక పుస్తకం రాశాడు. మనిషికి ఇల్లు ఒకటో చోటు, పని రెండోది, ఈ రెండూ కాని మూడో చోటు ఒకటి కావాలన్నాడు. కాఫీ కొట్లు, బార్లు, మంగలి షాపులు ఉదాహరణలుగా చెప్పాడు. చదివినప్పుడు, ఇది మా అమ్మమ్మ అరుగే కదా అనుకున్నాను. మరి డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి రెండో చోటు కూడా లేదు. ఉన్నది ఇల్లొక్కటే. అందులోనే పొద్దున్నుంచి రాత్రి దాకా. వారాంతం పార్టీలకి వెళ్తే “మీరేం చేస్తారండీ?” అని అడుగుతారు. “ఇంట్లోనేనండి” అంటే “ఓ, బాగుంది” అని చెప్పి, చూపు పక్కవాళ్ళ మీదికి తిప్పేస్తారు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, తర్వాత ఏమడగాలో వాళ్ళకి తెలియదు.

కొట్లో నన్ను మొదట అడిగిన ప్రశ్న వేరు. లైబ్రరీ నుంచి తెచ్చిన లావు పుస్తకం చూసి కౌంటర్ వెనకాల కుర్రాడు “మీరు షెఫ్ ఆ?” అన్నాడు. అది హెరాల్డ్ మెగీ రాసిన ‘ఆన్ ఫుడ్ అండ్ కుకింగ్’. వంటింట్లో జరిగే కెమిస్ట్రీ అంతా ఉంటుంది, మొదటి అధ్యాయమే పాలు. నేను బయోకెమిస్ట్రీ చదివాను, పెళ్ళికి ముందు మూడేళ్ళు ఒక పాల డైరీ ల్యాబులో పనిచేశాను. తెల్లవారుజామున క్యాన్లు దిగేవి. లాక్టోమీటరు ముంచడం, గెర్బర్ పద్ధతిలో వెన్న శాతం చూడడం, పాలల్లో మిథిలీన్ బ్లూ కలిపి ఆ నీలం ఎంతసేపట్లో పోతుందో చూసి బాక్టీరియా ఏ మేరకు ఉందో తేల్చడం. ఇవన్నీ ఆ కుర్రాడికి చెబుతుంటే, ఆరేళ్ళుగా ఈ మాటలు నా నోట రాలేదని అప్పుడు తెలిసింది. అతను వరసలో జనం ఉన్నా వింటూనే ఉన్నాడు.

ఆ రోజు నేను లాటే ‘ఎక్స్‌ట్రా హాట్’ అని చెప్పాను. మనవాళ్ళందరం చెప్పేదే. పెదవి కాలకపోతే మనకి కాఫీ తాగినట్టు ఉండదు. అతను చేసి ఇచ్చాడు గాని, ఈసారి మామూలుగా తాగి చూడమన్నాడు. వాళ్ళు పాలని అరవై, అరవై ఐదు సెల్సియస్ దగ్గర ఆపేస్తారు. దానికి కారణం ఉంది. డెబ్భై దాటాక పాలలోని వే ప్రోటీన్ విప్పుకుంటుంది, అందులోని గంధకం బయటపడి కాగిన పాల వాసన వస్తుంది. వాళ్ళకి అది లోపం. మనకి పాల వాసనంటేనే అది, పాలు పొంగాలి, అంచు దాకా రావాలి, గృహప్రవేశం రోజు అయితే పొర్లిపోవాలి కూడా. రెండు రకాలూ తాగి చూశాను. అరవై ఐదు దగ్గర ఆపిన పాలు నిజంగానే తియ్యగా తగులుతాయి, చక్కెర అక్కర్లేదు. అయినా చికోరీ డికాక్షన్‌కి మాత్రం పొంగిన పాలే సరిజోడు. తొమ్మిది బార్ల ఒత్తిడితో అరనిమిషంలో దిగే ఎస్ప్రెస్సో వేరు, తనంతట తాను చుక్కచుక్కగా రాత్రంతా దిగే డికాక్షన్ వేరు. ఒకదాని నియమం రెండోదానికి పెట్టకూడదని నా అభిప్రాయం.

అలా అలవాటయ్యాను. మంగళవారం, గురువారం. బుధవారం కుదరదు, ఆ రోజు ఇక్కడి బడులు గంటంబావు ముందే వదిలేస్తాయి.

కిందటి శీతాకాలంలో ఒక గురువారం నేను వెళ్ళేసరికి కౌంటర్ దగ్గర గొడవగా ఉంది. నురుగు నిలవడం లేదు. పాలు ఆవిరి పడితే పొంగుతున్నాయి, కప్పులో పోసేలోపే పెద్ద పెద్ద బుడగలై చితికిపోతున్నాయి. కుర్రాడు యంత్రాన్ని తిడుతున్నాడు, కొట్టు యజమానురాలు ఆవిరి గొట్టం చివర విప్పి సూదితో పొడుస్తోంది. ఆవిడకి యాభై పైనే ఉంటాయి, జుట్టు ఎప్పుడూ పెన్సిల్‌తో ముడి వేసుకుంటుంది. నేను ఆ వేడి పాలు కొంచెం చిన్న కప్పులో అడిగి వాసన చూశాను. లీలగా సబ్బు వాసన. డైరీలో ఆ వాసన వస్తే ఆ క్యాను పక్కన పెట్టేసేవాళ్ళం.

జరిగేది ఇదీ. పాలల్లో వెన్న సన్నటి గోళాలుగా ఉంటుంది, ఒక్కోదాని చుట్టూ పల్చటి పొర. పచ్చి పాలని పంపుల్లో మరీ గిలకొట్టినా, చల్లబరిచి వెచ్చబరిచి మళ్ళీ చల్లబరిచినా ఆ పొర దెబ్బతింటుంది. అప్పుడు పాలలోనే ఉండే లైపేజ్ అనే ఎంజైము లోపలి కొవ్వుని విరగ్గొడుతుంది. విడిపోయిన ఫ్యాటీ ఆసిడ్లు బుడగ గోడల్లో ప్రోటీన్ ఉండాల్సిన చోట దూరతాయి. ప్రోటీన్ లేని బుడగ నిలవదు. పాశ్చరైజ్ చేస్తే ఎంజైము చస్తుంది, కానీ అప్పటికే విరిగిన కొవ్వు మళ్ళీ అతకదు. కాబట్టి లోపం యంత్రంలో లేదు, ఈ కొట్లోనూ లేదు, పాలు ఇక్కడికి రాకముందే జరిగిపోయింది. డబ్బా మీద తేదీ, బ్యాచ్ నంబరు వేరుగా ఉన్నవి ఏమైనా ఉన్నాయా అని అడిగాను. ఫ్రిజ్ వెనకాల రెండు దొరికాయి. వాటితో చేస్తే నురుగు వెన్నలా నిలిచింది.

ఆవిడ ఆ రోజు నా దగ్గర డబ్బు తీసుకోలేదు. సాయంత్రం జనం తగ్గాక నా టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చుని, కిటికీకి అంటించిన కాగితం చూపించింది. మనిషి కావాలి, వారానికి ఇరవై గంటలు. “మీరెందుకు చేయకూడదు? పాప బడిలో ఉండే గంటలే ఇస్తాను” అంది.

నాకు ఆ మాట ఎంత కావాలో, జవాబు చెప్పడం అంత కష్టమైంది. హెచ్4 అంటే ఏమిటో ఆవిడకి తెలియదు. ఈ దేశంలో పుట్టినవాళ్ళకి తెలియాల్సిన అవసరం పడదు. 2015 మే నుంచి హెచ్1బీ వాళ్ళ భార్యాభర్తలకి పని అనుమతి కార్డు ఇస్తున్నారు గానీ, మామూలుగా దానికి ముందు ఐ-140 ఆమోదం కావాలి. మావారి పాత కంపెనీ ఆ పనే మొదలుపెట్టలేదు, కొత్త కంపెనీలో పెర్మ్ దగ్గర ఉంది. ఎప్పటికి తేలుతుందో తేదీ చెప్పలేను. ఇవన్నీ రెండు ముక్కల్లో చెప్పాను. “జీతం లేకుండా సరదాగా వచ్చి నేర్పితే?” అంది. లాభం కోసం నడిచే వ్యాపారంలో జీతం లేకుండా చేసినా అది ఉద్యోగం కిందికి రావచ్చు, వీసాకి ముప్పు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత “మరి పొద్దున మీరు చేసిందాన్ని ఏమంటారు?” అంది. తాగడానికి వచ్చినవాళ్ళు పాలు బాగాలేవని చెప్పడం అంటారు అన్నాను. ఇద్దరం నవ్వాం. నాకు మాత్రం ఇంటికి నడిచేటప్పుడు ఆ కాగితమే కళ్ళముందు ఆడింది. పన్నెండు ఏళ్ళ కిందట ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టిన రోజు కంటే, పెట్టకుండా వచ్చిన ఆ రోజే ఎక్కువ గుర్తుంది.

మావారితో ఆ రాత్రి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, మర్నాడు లాయరుకి మెయిల్ పెట్టి నాకు కూడా కాపీ పెట్టారు. జవాబు మనందరికీ వచ్చే జవాబే. వేచి ఉండండి.

సమామిష్ స్నేహితురాలు ఇది విని, “ఇంకా అక్కడికెందుకే, బాధ కాదూ?” అంది. బాధగా ఉండాల్సిందే, కానీ లేదు. ఆ కాగితం తీసేశారు, కాలేజీ అమ్మాయిని పెట్టుకున్నారు. ఆ అమ్మాయికి పాలు పట్టడం నేర్పేటప్పుడు యజమానురాలు ఒకసారి నా వైపు చూసి కనుబొమలు ఎగరేస్తుంది, వేడి ఎక్కువైందా అన్నట్టు. నేను నా టేబుల్ దగ్గరనుంచే చెయ్యి ఊపుతాను. వీసా అధికారులు దీన్ని కూడా పని అంటారేమో తెలియదు గాని, కాఫీకి మాత్రం మళ్ళీ డబ్బులు ఇచ్చే తాగుతున్నాను.

వేసవిలో విశాఖ వెళ్ళినప్పుడు వాళ్ళకి అరకు కాఫీ గింజలు తెచ్చాను. ఇండియాలో కాఫీ పండుతుందని ఆ కుర్రాడికి తెలియదు. ‘అరకు వ్యాలీ అరబికా’కి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని, గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పండిస్తారని, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకిస్తారని చెప్పాను. రైలు సొరంగాల్లో దూరుతుంటే పిల్లలు అరిచే అరుపులు కూడా చెప్పాను. వాళ్ళు ఆ గింజలని వాళ్ళ పద్ధతిలో పొడిచేసి, వేడి నీళ్ళు పోసి, చెంచాలతో జుర్రుమని చప్పుడు చేస్తూ రుచి చూశారు. అలా జుర్రితే మా అమ్మ నెత్తిమీద ఒకటి వేసేది.

మీలో ఎవరికైనా ఇలా వెళ్ళాలని ఉండి మొహమాటంగా ఉంటే, ఒకటి రెండు మాటలు. ఆర్డర్ చెప్పేటప్పుడు ‘ఫర్ హియర్’ అంటే పింగాణీ కప్పులో ఇస్తారు, రుచి తేడా తెలుస్తుంది. ఒక కప్పుతో గంట, గంటన్నర కూర్చోవచ్చు, అంతకు మించితే ఇంకేదైనా తీసుకోవడం మర్యాద. జనం ఎక్కువ ఉంటే నలుగురి టేబుల్‌కి ఒక్కళ్ళమే అతుక్కోకూడదు. తాగాక కప్పు తలుపు దగ్గర తొట్టెలో పెట్టాలి. ల్యాప్‌టాప్ లేకపోయినా ఎవరూ అదోలా చూడరు. ఊరికే కిటికీలోంచి చూసేవాళ్ళు నాకు తెలిసి ఇద్దరున్నారు, వాళ్ళిద్దరూ డెబ్భై దాటినవాళ్ళు. సొంత కార్డు మీద కొనుక్కోండి, ఇంటి ఖర్చుల డబ్బే అయినా సరే. నెలకి ఎనిమిది కప్పులు, యాభై ఆరు డాలర్లు. మా ఇంట్లో ఇది ఇప్పుడు బియ్యం, కరెంటు బిల్లులతో పాటు ఒక వరసలో రాసి ఉంటుంది, నా చేతి రాతలోనే.

గ్రీన్‌వుడ్ వైపు వస్తే లైబ్రరీ స్టాపులో 5 నంబరు బస్సు దిగి మెసేజ్ పెట్టండి, దారి చెబుతాను. బుధవారం తప్ప.